క్యూఐ2 ఛార్జర్: అయస్కాంతం చేసిన మేలు

వైర్‌లెస్ ఛార్జర్ కొనేవారు పెట్టె మీద వాట్ల అంకె కంటే ముందు క్యూఐ2 అనే వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడాలని నా గట్టి అభిప్రాయం. పాత ఛార్జింగ్ పలకల మీద ఫోన్ కాస్త పక్కకు జరిగినా, ఫోన్‌లోనూ పలకలోనూ ఉండే తీగచుట్టలు ఎదురెదురుగా కుదరక విద్యుత్తు వేడిగా వృథా అయ్యేది. ఆపిల్ 2020లో ఐఫోన్ 12తో తెచ్చిన, ఫోన్‌ను అయస్కాంతాలతో సరైన చోట పట్టి ఉంచే మ్యాగ్‌సేఫ్ పద్ధతి ఆధారంగా 2023లో వెలువడిన క్యూఐ2 ప్రమాణం ఆ ఇబ్బందిని చాలావరకు తీర్చింది. నేను వాడుతున్న 15 వాట్ల స్టాండ్ దగ్గరికి తీసుకెళ్లగానే ఫోన్ టక్కున అతుక్కుని సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. ఫోన్ మోగితే ఒంటిచేత్తో లాగి మాట్లాడవచ్చు. వేగంలో మాత్రం వైరు ఛార్జర్‌దే పైచేయి. పైగా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అయస్కాంత వలయం ఉండదు కనుక, వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్నా సరే, అయస్కాంతం అమర్చిన కవర్ విడిగా కొనాలి. ఈ స్టాండ్ పెట్టెలో అడాప్టర్ ఇవ్వకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.