నాలుగున్నర వేల గాలి మీటర్: ఐదు నెలలు వాడాక

ఇంట్లో గాలి ఎలా ఉందో చూపించే పీఎం 2.5 మీటర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పీఎం 2.5 అంటే గాలిలో తేలే, 2.5 మైక్రాన్లకి మించని సన్నటి రేణువులు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఈ రేటులో వచ్చేవాటిల్లో చాలావాటి లోపల పని ఒకటే. బుల్లి ఫ్యాను గాలిని లాగుతుంది, లేజర్ వెలుతురు రేణువులకు తగిలి చెదురుతుంది, ఎంత చెదిరిందో చూసి ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల రేణువులున్నాయో అంచనా కడుతుంది.

కొన్నది బాల్కనీ కోసం. మా ఇల్లు హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు పక్కనే, రోజంతా బస్సులు, లారీలు. సాయంత్రం అక్కడ పెడితే 48. ఇంతేనా అనుకుని లోపలికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి మర్చిపోయాను. పులిహోరకి ఎండుమిర్చి వేసి పోపు పెట్టగానే 310! ఘాటు పోయి, అందరి తుమ్ములూ ఆగాక కూడా అరగంట దాకా వంద కిందికి దిగలేదు. ఇన్నాళ్లూ దుమ్ము వస్తుందని కిటికీ మూసి వండుతున్నాం మరి. దేవుడి గదిలో సాంబ్రాణి వేసిన రోజు 999 దగ్గర ఆగిపోయింది, ఆ పైన చూపించడం దీనికి రాదు. "దేవుడి దగ్గర కూడా ఆ డబ్బా పెట్టాలా?" అని అమ్మ చీవాట్లు పెట్టింది.

అయితే ఈ అంకెలు చూసి హడలిపోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15, మన దేశంలో పెట్టుకున్న హద్దు 60, రెండూ 24 గంటల సగటుకి, పోపు పెట్టిన ఐదు నిమిషాలకి కాదు. ఈ మీటర్ 35 దాకా ఆకుపచ్చ లైటు వేస్తుంది. ఎవరి లెక్క ప్రకారమో డబ్బా మీద ఎక్కడా లేదు, ఇది నాకు నచ్చలేదు.

సంక్రాంతికి జనగామ దగ్గర మా పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాను. వంట గ్యాస్ మీదే, స్నానాల నీళ్లు మాత్రం కట్టెల పొయ్యి మీద. "నీళ్లు కాగబెట్టెతందుకు గ్యాసెందుకు దండుగ" అంటుంది. పొయ్యి ఊదుతుంటే పక్కన పెట్టాను, మళ్లీ 999.

అప్పుడే గుర్తొచ్చింది, చెన్నై శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థలో పనిచేసే శాస్త్రవేత్త కల్పనా బాలకృష్ణన్ బృందం మన నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 ఇళ్లలో వంటింటి గాలి కొలిచి 2004లో ప్రచురించింది. గ్యాస్ వాడే ఇళ్లలో 24 గంటల సగటు 73, కట్టెలు పిడకలు లాంటివి వాడే ఇళ్లలో 732 దాకా. పొగ అందరికంటే ఎక్కువగా పీల్చేది వండే ఆడవాళ్లే అని కూడా తేలింది. వాళ్లు కొలిచింది అచ్చంగా పీఎం 2.5 కాదు, ఇంకాస్త పెద్ద రేణువులు కూడా కలిపి. పైగా పంపుతో గాలి లాగి, ఫిల్టర్ మీద పడినదాన్ని తూకం వేసి చెప్పిన లెక్క అది. నా డబ్బాది అంచనా, అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు. పెద్దమ్మకి ఇదంతా చెప్తే "మా అమ్మ దగ్గి దగ్గి పోయిందిరా, పొగాకు ముట్టలే, చుట్ట ముట్టలే" అంది. పొయ్యిని మర్నాడే వసారాలోంచి తీసి బయట చెట్టు కింద పెట్టించింది.

ఇక లోపాలు. అన్నం కుక్కర్ ఆవిరిని కూడా దుమ్ము కిందే లెక్కేస్తుంది, వర్షాకాలం తేమకి అంకె ఊరికే పెరుగుతుంది. టీవీఓసీ అని ఇంకో అంకె ఉంది, రసాయనాల ఆవిర్లన్నీ కలిపి అన్నమాట. ఫ్లోర్ క్లీనర్‌కీ ఎగురుతుంది, డియోడరెంట్‌కీ ఎగురుతుంది, ఏ రసాయనమో మాత్రం చెప్పదు. ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువుకి వేరే చూపించే అంకైతే ఉత్త బడాయి, చేతికి శానిటైజర్ రాసుకుని దగ్గర పెడితే అదీ పెరిగింది. చార్జింగ్ పిన్ను మూడో నెలకే వదులైంది, అమ్మినవాళ్లకి నాలుగు మెయిళ్లు పెట్టినా జవాబు లేదు.

ఐదుకి మూడున్నర. ప్యూరిఫయర్ కొనాలా వద్దా అని తేల్చుకోలేక కూర్చున్నవాళ్లు ముందు ఇది కొనుక్కోండి. మాకైతే కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వంట అయ్యాక ఇంకో పావుగంట తిరగనిస్తే పోపు రోజున కూడా 90 దాటడం లేదు. పక్కింటివాళ్లు రెండు రోజులకని పట్టుకెళ్లారు, మూడు వారాలైంది, ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.