ఆర్టీసీలో డ్రైవర్ పని మేలా, కండక్టర్ పని మేలా?

చాలామంది ఠక్కున కండక్టరే సుఖం అంటారు, టికెట్లు కొట్టి సీట్లో కూర్చోవడమేగా అని. పల్లెవెలుగులో ఒక్క ట్రిప్పు నిలబడి చూస్తే ఆ మాట అనరు.

డ్రైవర్‌ది ఒంటికి కష్టం. పక్కనే ఇంజన్, మే నెలలో ఆ వేడికి చొక్కా వీపుకి అంటుకుపోతుంది, సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి మోకాళ్లు పట్టేస్తాయి. యాక్సిడెంట్ అయితే తప్పెవరిదైనా జనం ముందు ఆయన మీదే పడతారు. కానీ డిపోలో బండి అప్పగిస్తే ఆ రోజుకి అయిపోయినట్టే.

కండక్టర్‌కి అలా కాదు. చిల్లర తగాదాలు, టికెట్లు కొట్టే టిమ్ మిషన్ మొరాయింపులు, మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కితే టెన్షన్. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక ఆడవాళ్లకి ఛార్జీ లేదు గానీ, ఆధార్ లాంటి కార్డు చూసి జీరో టికెట్ కొట్టాల్సిందే, అదీ కాలు పెట్టడానికి చోటు లేని బస్సులో ఒకరి భుజం మీంచి ఒకరికి అందిస్తూ. దిగాక డబ్బు లెక్క అప్పజెప్పాలి, తగ్గితే చేతి నుంచే.

నన్నడిగితే డ్రైవరే. హెవీ లైసెన్స్ ఉన్నవాడికి బయట లారీ అయినా, స్కూల్ బస్సు అయినా దొరుకుతుంది, కండక్టర్ అనుభవం ఎవరికి కావాలి? కాకపోతే కొన్ని సర్వీసుల్లో టిమ్ కూడా డ్రైవర్ చేతిలోనే పెడుతున్నారు, ఆ డ్యూటీ పడితే మాత్రం రెండు తలనొప్పులూ ఆయనవే.