డ్రెయిన్ బోల్ట్ వాషర్: పాతదే వాడాలా, కొత్తది వేయాలా?

బైకు ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ బోల్ట్ (పాత ఆయిల్ బయటికి పోవడానికి విప్పే బోల్ట్) కింద, ఆయిల్ కారకుండా ఉండే వాషర్‌ను తిరిగి వాడవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఆ వాషర్ ఏ లోహంతో చేసిందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. అల్యూమినియం వాషర్ మెత్తనిది కనుక, బిగించిన మొదటిసారే నలిగి, బోల్ట్ తల అంచుకూ ఇంజిన్ కేసింగ్‌కూ మధ్యనున్న సన్నని గీతలను పూడ్చేస్తుంది. రెండోసారి అది అదే చోట, అదే తీరున కూర్చుంటుందన్న హామీ లేదు. దానిని వేలి గోటితో తడిమితే బోల్ట్ అంచు వేసిన గుండ్రటి గాడి తెలుస్తుంది.

రాగి వాషర్ సంగతి వేరు. నలిగేకొద్దీ అది గట్టిపడుతుంది. అయితే మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాచి, చల్లార్చి, నల్లటి పొరను గీకేస్తే మళ్లీ మెత్తబడుతుంది. 660 డిగ్రీలకే కరిగిపోయే అల్యూమినియంతో మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు.

పాత వాషర్‌తో అసలు ప్రమాదం చుక్కచుక్కగా కారే ఆయిల్ కాదు. ఆ కారడాన్ని ఆపాలని మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌ను (బిగించే బలాన్ని) మించి బిగించడం. కేసింగ్ అల్యూమినియందైతే, బోల్ట్ రంధ్రం లోపలి మరచుట్లు (థ్రెడ్లు) ఊడివచ్చి, కొన్ని రూపాయల ఆదా కాస్తా వేల రూపాయల మరమ్మతుగా మారుతుంది. అందుకే నేను ప్రతిసారీ కొత్తదే వేస్తాను. అది దొరకని రోజున, గాడి లోతుగా లేని రాగి వాషర్‌ను కాచి వాడతాను, మర్నాడు ఉదయం బండి కింద నేలను ఒకసారి చూస్తాను.