వాడిన బట్టల ఆన్‌లైన్ అమ్మకం: ఏ బ్రాండ్ డబ్బు మిగిల్చింది, ఏది మిగల్చలేదు

హైదరాబాద్‌లో వాడిన బట్టలు కొని, శుభ్రం చేయించి, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ద్వారా అమ్మే పనిలో నేను కొన్నేళ్ళుగా ఉన్నాను. ఈ కాలంలో నా చేతుల మీదుగా వెళ్ళిన బ్రాండ్లలో ఏవి లాభం తెచ్చాయో, ఏవి బీరువాలో నెలల తరబడి ఉండిపోయాయో ఈ సమీక్షలో రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు సాధారణంగా బట్ట మీద ఉన్న పేరు ఎంత పెద్దదో చూసి కొంటారు. అంతకంటే ముందు చూడవలసింది, అదే వస్తువు కొత్తది, షోరూమ్ వాళ్ళు తగ్గింపు ఇచ్చే రోజుల్లో ఎంతకు దొరుకుతుందన్నది. ఆషాఢమాసపు తగ్గింపులూ, జనవరి, జూలై నెలల్లో మాల్స్‌లో వచ్చే సీజన్ ముగింపు అమ్మకాలూ మన నగరంలో కొనేవారికి కంఠతా వచ్చు. ఎమ్మార్పీ 1,999 రూపాయలున్న చొక్కా ఏడాదికి రెండుసార్లు సగం ధరకు వస్తుందని తెలిసిన మనిషి, ఇంకొకరు తొడిగి విడిచిన అదే చొక్కాను ఏడు వందలకు కొనడు.

ఈ లెక్కన పీటర్ ఇంగ్లండ్, మ్యాక్స్, జూడియో వంటి పేర్లు నా పనికి రావు. వాటి నాణ్యత మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కొత్తవే చేతికందే ధరలో ఉన్నప్పుడు పాతవాటికి గిరాకీ పుట్టదు. లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, ఆలన్ సోలీ వీటికంటే ఒక మెట్టు పైనే ఉన్నాయి గాని, ఎవరిదైనా సరే ఆఫీసు చొక్కాకు కాలరు అంచునా, చేతి పట్టీ దగ్గరా అరుగుదల త్వరగా కనిపిస్తుంది. అందువల్ల లినెన్ అయితే తప్ప మగవారి ఆఫీసు చొక్కాలు నేను తీసుకోను.

తక్కువ ధర బట్టలు ఎక్కువ సంఖ్యలో అమ్మితే గిట్టుబాటవుతుందని చాలామంది అంటారు. ఒక మామూలు చొక్కాను 80 రూపాయలకు కొన్నామనుకుందాం. ఉతుకూ ఇస్త్రీ 30, కవరు 15, కొరియర్ 60 కలిపితే 185 అవుతుంది. 250కి అమ్మితే మిగిలేది 65. మంచి స్థితిలో ఉన్న లీవైస్ జీన్స్‌ను 250కి కొని, 40 పెట్టి ఉతికించి, 20 రూపాయల కవరులో పెట్టి, కొరియర్‌కు వంద కట్టినా మొత్తం 410 అవుతుంది. 900కి పోతే 490 మిగులుతుంది. ఫొటోలు తీయడం, కొలతలు అంగుళాల్లో రాయడం, రాత్రి పదింటికి వచ్చే సందేశాలకు జవాబివ్వడం రెండింటికీ ఒకటే శ్రమ. బరువును కూడా మొదటి నుంచీ లెక్కలోకి తీసుకోవాలి. కొరియర్ వాళ్ళు ఎక్కువగా అర కిలో చొప్పున ధర లెక్కకడతారు కనుక, పావు కిలో తూగే కాటన్ కుర్తా మొదటి అర కిలోలోనే వెళ్ళిపోతుంది. ఏడు వందల గ్రాముల దాకా తూగే జీన్స్‌కు రెండో అర కిలో డబ్బు కూడా కట్టాలి. ఒకే ధరకు అమ్ముడయ్యే రెండు బట్టల్లో తేలికపాటిదాన్ని నేను ఎంచుకోవడానికి కారణం ఇదే.

నా అనుభవంలో అన్నిటికంటే నిలకడగా అమ్ముడైనది లీవైస్. పేరుతో పాటు దాని నంబర్లు కూడా జనానికి తెలిసి ఉండడమే దీనికి ముఖ్యమైన కారణమని నేను అనుకుంటున్నాను. 501 అంటే ముందు జిప్పుకు బదులు బటన్లుండే తిన్నని కాళ్ళ ప్యాంటు అనీ, 511 అంటే సన్నని కాళ్ళదనీ తెలిసిన మనిషి, ‘501 నడుము 32 ఉందా’ అని నేరుగా అడుగుతాడు. అమ్మకం అక్కడికే సగం అయిపోయినట్టు. బట్ట పేరు, నంబరు, సైజు కలిపి వెతికే అలవాటు ఏ బ్రాండ్ విషయంలో ఉంటే ఆ బ్రాండ్ నాకు మంచి బ్రాండ్.

అసలుదో నకిలీదో తేల్చుకోవడం మాత్రం నేర్చుకోవలసిన విద్య. నేను ముందుగా నడుము బటన్‌ను తిప్పి వెనుక వైపు చూస్తాను. చాలా ఏళ్ళ సరుకులో అక్కడ ముద్రించిన అంకె, లోపలి లేబుల్ మీద ఉన్న ఫ్యాక్టరీ అంకెతో కలుస్తుంది. కుట్టు వరుస, జేబు మూలల్లో కొట్టే లోహపు మేకు (రివెట్) మీది అక్షరాలు ఆ తర్వాతి సంగతి. వెనుక జేబుకు కుట్టే ఎర్ర ట్యాబు, అంటే పేరున్న చిన్న గుడ్డ పట్టీ, 1936లో వచ్చింది. అందులోని పేరులో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం 1971 దాకా పెద్దక్షరంగా ఉండి, ఆ తర్వాత చిన్నక్షరమైంది. వీడియోలు చూసిన కుర్రాళ్ళు ఆ పెద్ద ‘ఈ’ ఉన్న ప్యాంట్ల కోసం తరచూ అడుగుతారు గాని, ఆ కంపెనీ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టిందే 1990లలో కనుక, హైదరాబాద్ సంతల్లో అలాంటిది దొరుకుతుందని ఆశపెట్టుకుని పెట్టుబడి పెట్టకూడదు.

ఎర్ర ట్యాబు గురించే ఇంకొక సంగతి చెప్పాలి. ట్రేడ్‌మార్కు హక్కు ట్యాబు మీది పేరుకే కాక, ట్యాబుకు కూడా ఉందని నిలబెట్టుకోవడానికి ఆ కంపెనీ కొన్ని ప్యాంట్లకు పేరు లేకుండా, రిజిస్టర్డ్ గుర్తు మాత్రమే ఉన్న ట్యాబు కుడుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక వ్యాపారి అలాంటిదే నా ముందు పడేసి, ‘గిది డూప్లికేటక్కా, మీద పేరు లేదు సూడు, రెండొందలిచ్చి తీస్కపో’ అన్నాడు. బటన్ అంకె, లేబుల్ అంకె కలిశాయి. కుట్టు కూడా సరిగ్గానే ఉంది. ‘ఇది అసలుదే భయ్యా’ అని చెప్పి, ఆ గుర్తు ఎందుకుంటుందో వివరించి, ఇంకో యాభై కలిపి ఇచ్చాను. అప్పటినుంచి పేరు లేని ట్యాబు వచ్చినప్పుడల్లా అతను నా కోసం పక్కన పెడుతున్నాడు. ధర కూడా కొంత పెంచాడు, అది న్యాయమే. గురువారం జుమ్మేరాత్ బజార్‌లో కూడా సరుకు దొరుకుతుంది గాని, అక్కడ ఓపికగా తిప్పి చూసుకునే తీరిక తక్కువ.

అమెరికా నుంచి వచ్చే బట్టలు మన నగరానికి ఉన్న పెద్ద సౌలభ్యం. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఏఎస్ రావు నగర్ అపార్ట్‌మెంట్లలో పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. సూట్‌కేసుల్లో వచ్చిన చొక్కాలు, స్వెటర్లు ఒకటి రెండుసార్లు తొడిగి మడిచి పెట్టినవి ఉంటాయి. వాళ్ళ దగ్గర కొనడానికి సంతకంటే ఎక్కువ మర్యాద, ఎక్కువ సమయం కావాలి. టీ తాగకుండా బయటపడడం కష్టం. అయితే సరుకు శుభ్రంగా ఉంటుంది, ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి ఉంటుంది. ఇక్కడ గమనించవలసినవి రెండు. గ్యాప్, బనానా రిపబ్లిక్ వంటి కంపెనీలు ఫ్యాక్టరీ అవుట్‌లెట్ల కోసం విడిగా చౌక సరుకు తయారు చేయిస్తాయి. అలాంటి వాటి మెడ లేబుల్‌లో పేరు కింద మూడు చిన్న గుర్తులుంటాయి. వాటికి మామూలు సరుకు ధర పెట్టకూడదు. రెండవది సైజు. అమెరికా ‘మీడియం’ మన కొలతకు వదులుగా ఉంటుంది కనుక, లేబుల్ మీది అక్షరాన్ని నమ్మకుండా చంక నుంచి చంకకు, భుజం నుంచి అంచుకు కొలిచి రాయాలి. ఇలా కొలతలు రాయడం మొదలైనప్పటినుంచి వెనక్కి వచ్చే బట్టలు నాకు బాగా తగ్గాయి.

గుర్తుల విషయంలో కొనేవారు కూడా పొరబడుతుంటారు కనుక వివరం మనమే రాయాలి. ఒకే ఒక్క గుర్రపు రౌతు ఉన్నది పోలో రాల్ఫ్ లారెన్. ఇద్దరు రౌతులున్నది యూఎస్ పోలో అసోసియేషన్, అది వేరే సంస్థ. కుడివైపుకు చూసే మొసలి లకోస్ట్‌ది. ఎడమవైపుకు చూసే మొసలి క్రొకోడైల్ అనే మరో బ్రాండ్‌ది. ఈ నాలుగూ చట్టబద్ధమైన బ్రాండ్లే గాని, పాత సరుకు ధరలో ఒక్కో జంటలో మొదటిదానికీ రెండోదానికీ చాలా తేడా ఉంటుంది.

ఆడవారి బట్టల్లో నాకు ఎక్కువ లాభం చూపినవి ఫ్యాబ్‌ఇండియా, అనోఖి. ఫ్యాబ్‌ఇండియాను జాన్ బిసెల్ 1960లో ప్రారంభించాడు. మొదట్లో అది ఎగుమతుల సంస్థ. దాని కుర్తాకు ఉన్న పెద్ద గుణం, ఐదేళ్ళ కిందటి ముక్కకూ ఇప్పటి ముక్కకూ తీరులో పెద్ద తేడా కనిపించకపోవడం. అందుకని పాతదని ఎవరూ వెనక్కి తగ్గరు. చేతి అచ్చు కాటన్ నాలుగు ఉతుకుల తర్వాత మెత్తబడుతుంది, ఒంటికి హాయిగా ఉంటుంది. కొనేవారిలో ఉపాధ్యాయినులు, కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసులకు వెళ్ళే అమ్మాయిలు ఎక్కువ. కొనే ముందు నేను చంక లోపలి రంగును, బయటి రంగును పక్కపక్కన పెట్టి చూస్తాను. తేడా స్పష్టంగా ఉంటే వదిలేస్తాను. నీలిమందు అచ్చు బట్టలకు ‘విడిగా ఉతకండి’ అని చీటీ రాసి పెడతాను. జైపూర్‌కు చెందిన అనోఖి మన దగ్గర తక్కువగా వస్తుంది. వచ్చిన రోజే పోతుంది. మార్క్స్ అండ్ స్పెన్సర్ లినెన్ కూడా ఈ వరుసలోనే ఉంటుంది.

చీరల దగ్గరికి వచ్చేసరికి బ్రాండ్ అన్న మాటకు నేతే సమాధానం. ‘ఏ షాపుది’ అని అడిగేవారు కొద్దిమంది. ‘గద్వాలా, పోచంపల్లా, నారాయణపేటా’ అని అడిగేవారే అందరూ. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేయక ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు కనుక, అసలైన ఇక్కత్‌లో బొమ్మ అంచు కొంచెం చెదిరినట్టుంటుంది, వెనుక వైపు రంగు కూడా ముందువైపులాగే ఉంటుంది. అచ్చు వేసిన నకిలీ వెనక్కి తిప్పగానే వెలవెలపోతుంది. నూలు ఒడలికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల్ చీరలో ఆ అతుకు దగ్గర రెండు వేళ్ళతో నెమ్మదిగా లాగి చూడాలి. పట్టుచీరలు ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంట పిగులుతాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ గీత తెలుస్తుంది. అసలు పట్టని హామీ ఇచ్చే సిల్క్ మార్క్ చీటీ 2004లో మొదలైంది గాని పాత చీరకు ఆ చీటీ ఉండదు కనుక, కొంగు చివరి పోగు ఒకటి తీసి కాల్చి చూస్తాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి ఉండ అవుతుంది. వీధుల్లో పాత పట్టుచీరలు కొనేవాళ్ళు జరీలోని వెండి కోసం కొంటారు. చిరగని చీరను వాళ్ళకు వేయడం నాకు మనసొప్పదు. శ్రావణమాసం ముందు పేజీలో పెడితే జరీ ధరకు ఎన్నో రెట్లు వస్తుంది, చీర ఇంకొకరి ఒంటిమీద బతుకుతుంది.

ఈ చీరల విషయంలోనే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘పోయినవాళ్ళవా అండీ?’ అని నెమ్మదిగా అడుగుతారు. అడిగే హక్కు వారికి ఉంది. కొనేటప్పుడే నేను ఇంటివారిని అడిగి తెలుసుకుంటాను, పోయినవారిదైతే కొనేవారికి ఉన్నదున్నట్టు చెబుతాను. కొందరు వద్దంటారు, మరికొందరు పెద్దావిడ కట్టిన చీర అని తెలిసి మరింత ఇష్టంగా తీసుకుంటారు.

పసిపిల్లల బట్టలు కూడా బాగానే పోతాయి. కార్టర్స్ అనే అమెరికా పిల్లల బ్రాండ్ వంటివి నెలల్లోనే పొట్టివైపోతాయి కనుక దాదాపు కొత్తవిగానే వస్తాయి; విడివిడిగా కాకుండా ఒకే వయసువి ఐదారు కలిపి కట్టగా అమ్మితే కొరియర్ ఖర్చు గిట్టుతుంది.

అమ్మే చోటు గురించి క్లుప్తంగా చెబుతాను. వాడిన బట్టలు అమ్ముకునే యాప్ పోష్‌మార్క్ 2021లో మన దేశానికి వచ్చి 2023లో వెళ్ళిపోయింది. అంతకుముందు ఈబే ఇండియా 2018లో మూతపడింది. ఒక యాప్ మీదనే ఆధారపడే కంటే, కొనేవారి పేర్లు, సైజులు మన పుస్తకంలో ఉండడం మేలు. తెలంగాణలో సరుకు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. నమోదైన పాత వస్తువుల వ్యాపారి, కొనుగోలు మీద కట్టిన పన్నును మినహాయించుకోకపోతే (క్రెడిట్ తీసుకోకపోతే), కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) నియమం 32(5) ప్రకారం కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదనే పన్ను కట్టవచ్చు. దీనికి ప్రతి కొనుగోలుకూ చీటీ ఉండాలి కనుక, సంతలో కొన్నా సరే తేదీ, ధర రాసుకుంటాను. నకిలీ బ్రాండ్ అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. అనుమానం ఉన్న ముక్కను ‘కాపీ’ అని రాసి కూడా అమ్మకూడదు.

పెళ్ళి లెహంగాలు, డిజైనర్ బట్టల మీద మంచి లాభం ఉంటుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. డిజైనర్ సబ్యసాచి పేరుతో తిరిగే వాటిలో నకళ్ళు విపరీతం. లేబుల్ ఒక్కటే సాక్ష్యంగా చాలదు. ఒక్కో ముక్క మీద వేలల్లో పెట్టుబడి ఇరుక్కుంటుంది, బరువు వల్ల కొరియర్ కూడా ఎక్కువ, ఒంటి కొలతకు కుట్టినవి ఇంకొకరికి సరిపడడం కష్టం. అసలు బిల్లు చూపించగలిగినవారి బట్టలను మాత్రం, నేను కొనకుండా, అమ్ముడైతే కమిషన్ తీసుకునే పద్ధతిలో పేజీలో పెడుతున్నాను; రెండు నెలల్లో పోకపోతే డ్రై క్లీనింగ్ చేయించి ఇంటివారికి తిరిగి ఇచ్చేస్తాను.