స్టూడియో లేకుండా పెళ్లి పోర్ట్రెయిట్లు: ఒక ఫ్లాషు, ఒక గొడుగు, ఒక బూడిద రంగు గుడ్డ

ఆల్బమ్‌లో క్యాండిడ్‌లు (పోజు పెట్టించకుండా తీసేవి) ఎన్ని ఉన్నా, ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించేది ఇద్దరూ కుదురుగా నిలబడి కెమెరా వైపు చూస్తున్న ఫొటోనే. హైదరాబాద్ ఫంక్షన్ హాళ్లలో చాలా సీజన్లుగా ఇలాంటి ఫొటోలు తీస్తున్నాను. స్టూడియో లేదు. ఉన్న సామానల్లా 200 వాట్-సెకండ్ల (ఫ్లాషు బలానికి కొలత) బ్యాటరీ ఫ్లాషు, కెమెరా నుంచి దాన్ని వెలిగించే ట్రిగ్గరు, ఫ్లాషు వెలుగును మెత్తబరిచే దాదాపు మీటరున్నర తెల్ల గొడుగు, బరువైన స్టాండు, బ్యాక్‌డ్రాప్ గుడ్డ, వీపు ఆనడానికి వీల్లేని ఒక స్టూలు. ఇన్నాళ్లు వాడాక చెప్పగలిగిందేమిటంటే, వీటితో స్టూడియోకి తీసిపోని ఫొటో వస్తుంది. కాకపోతే ఒక గది, ఓ పావుగంట సమయం ముందే అడిగి పెట్టుకోవాలి.

పెద్ద గొడుగులోంచి వెలుగు పంపాలంటే కెమెరా మీద పెట్టే మామూలు ఫ్లాషు ఫుల్ పవర్‌లో పనిచేయాల్సి వస్తుంది. ఒక్కో ఫొటోకీ మధ్య ఆగాలి, ఈలోపు పెళ్లికూతురి నవ్వు వాడిపోతుంది. 200 వాట్-సెకండ్ల ఫ్లాషును నాలుగో వంతు పవర్‌లో పెట్టినా సరిపోతుంది. వెంటవెంటనే వెలుగుతుంది, ఒక్క బ్యాటరీతో రాత్రి ముహూర్తం పెళ్లి మొత్తం గడిచిపోతుంది. నన్నడిగితే ఈ సామానులో డబ్బు పెట్టాల్సింది దీనికే. లెన్సుకు మామూలు 85 ఎంఎం చాలు. గది ఇరుకైతే 50.

పెళ్లికూతురి గదిలో వెలుగు ఎప్పుడూ కలగాపులగమే. పైన పసుపు ఎల్‌ఈడీలు, అద్దం చుట్టూ తెల్ల బల్బులు, గోడకు ఏదో గులాబీ రంగు. షట్టర్ సెకనులో 1/200 వంతు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 200, లెన్సు రంధ్రం ఎఫ్/5.6 పెట్టి ముందుగా ఫ్లాషు లేకుండా ఒకటి కొట్టి చూస్తాను. ఫొటో దాదాపు నల్లగా రావాలి. అలా వచ్చిందంటే ఆ గది లైట్లతో ఇక మనకు పని లేదు, ముఖం మీద పడేదంతా మన వెలుగే. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని చర్మం రంగు దిద్దే బాధ చాలావరకు తప్పుతుంది.

గొడుగు ఎంత ఎత్తులో ఉండాలో మన పెళ్లిళ్లలో నగలను చూసి తేల్చుకోవాలి. పాపిటబిల్ల నుదుటి మీద, బాసికం కనుబొమల మీద నీడ వేస్తాయి. లైటు బాగా ఎత్తులో పెడితే ఆ నీడ కళ్లలోకి దిగుతుంది. అందుకే గొడుగు మధ్యభాగం తలకు జానెడు పైన, ముఖానికి 45 డిగ్రీల పక్కగా, మీటరున్నర దూరంలో ఉండేలా చూసుకుంటాను. అక్కడి నుంచి పడితే కళ్లలో గుండ్రటి మెరుపు వస్తుంది, బుగ్గచుక్క స్పష్టంగా తెలుస్తుంది. వడ్డాణం, అరవంకీల మీద బంగారం తెల్లగా కాలిపోకుండా బంగారంలాగే ఉంటుంది. ఇంకో అంగుళం పక్కకు జరిపితే రాళ్ల హారంలో ఒక్కో రాయీ విడిగా పలుకుతుంది. పూలజడ కోసం పెళ్లికూతుర్ని గొడుగుకు వీపు చూపేలా నిలబెట్టి, తల మాత్రం వెలుగు వైపు తిప్పమంటాను. జడలో మల్లెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వస్తాయి.

స్టేజీ మీది సోఫాలో పోర్ట్రెయిట్ తీయకండి. కూర్చోగానే లోపలికి దిగిపోతారు, మోకాళ్లు పైకి లేస్తాయి, పట్టుచీర కుచ్చిళ్లు నలిగిపోతాయి. స్టూలు మీద వీపుకు ఆసరా ఉండదు కాబట్టి మనిషి తనంతట తానే నిటారుగా కూర్చుంటారు.

జీలకర్ర బెల్లం దాకా మధ్యలో అడ్డుతెర ఉంటుంది కనుక, జంట ఫొటో ఆ తర్వాతే. అప్పటికి మధుపర్కాల్లో ఉంటే తెల్లబట్టను చూసుకునే ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది) పెట్టాలి. ముఖాన్ని బట్టి పెడితే చీర నేత మొత్తం ఎగిరిపోతుంది. తలంబ్రాల గింజలు జుట్టులో నిలిచి ఉంటే తీయించను, ఆ ఫొటోకి అవే అందం. ఈలోపు తమ్ముడో బావమరిదో వచ్చి, "అన్నా, జర జల్ది కానియ్యండి, పంతులుగారు పిలుస్తున్నరు" అంటారు. అందుకే లైటు, స్టూలు, గుడ్డ అన్నీ ముందే పెట్టి, నా అసిస్టెంటును కూర్చోబెట్టి సరిచూసుకుంటాను.

గుడ్డ విషయానికొస్తే, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ముదురు బూడిద రంగు మందపాటి కాటన్ తీసుకుని, అంచులు కుట్టించి వాడుతున్నాను. నలుపు వద్దు, జుట్టూ జడా అందులో కలిసిపోతాయి. బూడిద రంగైతే ఎర్రచీరకూ ఆకుపచ్చ చీరకూ సరిపోతుంది. మనిషిని గుడ్డకు దగ్గరగా నిలబెడితే వెనక లేతగా, రెండు మీటర్లు ముందుకు తెస్తే ముదురుగా కనిపిస్తుంది. ఒకే గుడ్డ రెండు గుడ్డల పని చేస్తుంది. మడత పెడితే గీతలు పడతాయి, పీవీసీ పైపుకు చుట్టి మోసుకెళ్లండి.

ఈ ఊళ్లో కూర్చోబెట్టి తీసే ఫొటోకు పెద్ద చరిత్రే ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో పరదా స్త్రీల కోసం విడిగా ఒక జనానా స్టూడియో కూడా నడిపారు. ఆ కాలపు ఫొటోల్లో చేతులు ఎక్కడున్నాయి, చూపు ఎటుంది, పాదాలు ఎలా పెట్టారు అని గమనించి చూడండి. పోజులు చెప్పడానికి నాకు తెలిసి అంతకంటే మంచి పాఠం లేదు.

గ్రూప్ ఫొటోలకు ఈ సామాను కొంచెం తడబడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి గొడుగు దగ్గరున్న మామయ్య తెల్లగా, అటు చివర బాబాయ్ చీకట్లో పడతారు. ఫ్లాషును నాలుగు మీటర్లు వెనక్కి జరిపి, ఎత్తు పెంచి, ఎఫ్/8, ఐఎస్‌ఓ 400తో తీస్తే రెండు వరుసల దాకా బాగుంటుంది. ముప్పై మందిని ఎక్కిస్తే రెండో ఫ్లాషు తప్పదు. వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే షట్టర్ వేగం ఎక్కువైన కొద్దీ అడ్డగీతలు వస్తాయి. ఆపరేటర్‌ను బతిమాలి రెండు నిమిషాలు ఆపించడం మేలు. పెద్దవాళ్ల కళ్లజోళ్లలో గొడుగు ప్రతిబింబం కనిపిస్తే, "అమ్మమ్మా, గడ్డం కొంచెం కిందికి" అనడంతో పాటు, జోడు కాడలను చెవుల మీద కాస్త పైకి లేపితే అద్దాలు కిందికి వాలి మెరుపు పోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. శంషాబాద్, కొంపల్లి వైపు లాన్లలో గాలి వీస్తే అంత పెద్ద గొడుగు స్టాండుతో సహా పడిపోతుంది. ఇసుక సంచి వేసినా సరే, పక్కన ఒక మనిషి స్టాండు పట్టుకుని ఉండాల్సిందే. బ్యాటరీ మొదటి ఏడాదిలా ఇప్పుడు నిలవడం లేదు, రెండోది కొన్నాను. లిఫ్ట్ లేని హాల్లో ఇవన్నీ మోయడానికి ఒక్కరు సరిపోరు. పెళ్లి మొత్తం ఒంటరిగా తీసేవాళ్లకు ఇది భారమే.

ఇద్దరున్న టీమ్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. కొనేటప్పుడు గొడుగులు రెండు తీసుకోండి. తెల్లబట్ట వాడగా వాడగా పసుపెక్కుతుంది, ఆ పసుపు ముఖాల మీదికి వస్తుంది. నేను ఏటా మాఘమాసం ముహూర్తాలకు ముందే కొత్తది తీస్తాను.