ప్లైవుడ్ ఆస్ట్రోలేబ్ కిట్: కోత బాగుంది, అక్షాంశమే మనది కాదు

ఆస్ట్రోలేబ్ అంటే సూర్యుడి, చుక్కల ఎత్తు కొలిచి సమయం చెప్పే పాతకాలపు యంత్రం. పళ్లెం, దాంట్లో కూర్చునే 20 సెంటీమీటర్ల పలక, పలక మీద తిరిగే నక్షత్రాల జాలీ, వెనక చూపుపట్టీ, నడిమధ్య చీల, ఒక పుస్తకం. ఆన్‌లైన్‌లో దొరికే ఈ కిట్‌లో ఉన్నది ఇంతే. లేజర్ కోత శుభ్రంగా ఉంది. స్వాతి, చిత్త, అభిజిత్తు మొనలు నేటి స్థానాల్లోనే ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు: అయనచలనం వల్ల, అంటే భూమి ఇరుసు మెల్లగా దిశ మారడం వల్ల, చుక్కలు 72 ఏళ్లకు ఒక డిగ్రీ జరుగుతాయి. మహేంద్రసూరి 1370లో ఆస్ట్రోలేబ్ గురించి సంస్కృతంలో ‘యంత్రరాజం’ రాసిన నాటికీ ఇప్పటికీ 9 డిగ్రీల తేడా వచ్చింది.

తంటా అంతా పలకతోనే. దాన్ని 40 డిగ్రీలకు కోశారు, అంటే మాడ్రిడ్‌కు పనికొస్తుంది. కర్నూలు అక్షాంశం 15 డిగ్రీల 50 నిమిషాలు. జూన్ 21న ఈ పలక పగటిపొద్దు 14 గంటల 51 నిమిషాలంటుంది, లెక్క ప్రకారం ఇక్కడ 12 గంటల 57 నిమిషాలే. పొద్దు దాదాపు గంట ముందే పొడిచేస్తుంది!

కాబట్టి పలక మనమే గీసుకోవాలి. అంచు మకరరేఖ, వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లు. అప్పుడు భూమధ్యరేఖ 65.6, కర్కాటకరేఖ 43.1. శిరోబిందువు (సరిగ్గా మన నెత్తి మీది చోటు) చీలకు 49.6 పైన. క్షితిజవృత్తం (నేల, ఆకాశం కలిసే గీత) వ్యాసార్ధం 240.7, దాని కేంద్రం చీలకు నేరుగా 231.5 పైన, పలక దాటి బయట పడుతుంది. కాంపాస్ అంత దూరం చాచదు. దారం కడితే సాగుతుంది. గట్టి అట్టపట్టీకి రెండు బెజ్జాలు పెట్టి, ఒకదాంట్లో మేకు, రెండోదాంట్లో పెన్సిల్ పెట్టి తిప్పాలి. గీత చీలకు 9 మిల్లీమీటర్ల కింద నుంచి పోతే సరిగ్గా వచ్చినట్టే. కడప, అనంతపురం వాళ్లు 14.5 డిగ్రీలకు వ్యాసార్ధం 262, కేంద్రం 254 పైన తీసుకుంటే చాలు.

వెనక తేదీల వలయం పాత యూరప్ పటం నుంచి ఎత్తినట్టుంది, మేషాది, అంటే సూర్యుడు మేషంలో అడుగుపెట్టే రోజు, మార్చి 12 దగ్గర పడింది. ఇప్పటి క్యాలెండర్‌కు ముందున్న జూలియన్ క్యాలెండర్ రోజుల నాటి తేదీ అది. దాన్ని మార్చి 20కి జరపండి. మన పంచాంగం మేషంతో మాత్రం సరిచూడకండి, అది నిరయనం (చుక్కలను బట్టి లెక్క), ఇది సాయనం (విషువత్తును, అంటే పగలూ రాత్రీ సమమయ్యే రోజును బట్టి లెక్క).

చెక్క తేలిక, గాలికి ఊగుతుంది. అడుగున సరిగ్గా మధ్యలో ఇనుప నట్టు కట్టండి. పట్టీని అటూ ఇటూ తిప్పి రెండు రీడింగుల సగటు తీస్తే వేలాడే వంకర పోతుంది. సూర్యుణ్ణి బెజ్జంలోంచి చూడకూడదు, రెండు బెజ్జాల వెలుగు అరచేతి మీద పడితే చాలు. వచ్చిన సమయం గడియారంతో కలవలేదని కిట్‌ను తిట్టొద్దు: కర్నూలు స్థానిక సమయం మన గడియారానికి 18 నిమిషాలు వెనక. ఫిబ్రవరి నడుమ సూర్యుడి నడకలో తేడా వల్ల ఇంకో 14 నిమిషాలు కలిసి, నడిమధ్యాహ్నం 12:32కి వస్తుంది.

పుస్తకం అధ్వానం. పాతకాలపు ఖగోళవేత్త టాలమీ ఆస్ట్రోలేబ్ కనిపెట్టాడని ఒక్క వాక్యంతో సరి. ఆయన రాసింది గోళాన్ని పలక మీదికి దించే లెక్క. దాని గ్రీకు మూలం పోయింది, అరబ్బీలో బతికి 1143లో లాటిన్‌కు చేరింది. ఆ దారి చెప్పకపోతే ఆల్డెబరాన్, వేగా పేర్లు అరబ్బీవి ఎందుకయ్యాయో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

హైస్కూలు ల్యాబుకైతే కొనొచ్చు, పలక గీసే ఓపిక ఉంటేనే. మొదటి పరీక్షకు కొండారెడ్డి బురుజు చాలు: పట్టీలోంచి బురుజు కొస 45 డిగ్రీల దగ్గర కనిపించే చోట నిలబడి, బురుజు దాకా దూరానికి కంటి ఎత్తు కలపండి, అదే బురుజు ఎత్తు.