ఆర్పాలా, కాలనివ్వాలా?

కరెంటు నిల్వచేసే బ్యాటరీ కంటైనర్ అంటుకుంటే ముందున్నవి రెండు దారులు: లోపల గ్యాస్ వదిలి ఆర్పడం, లేదా దాన్ని కాలనిచ్చి పక్కవాటిని కాపాడుకోవడం.

మొదటి దారి ఎక్కడ దెబ్బతీస్తుందో అమెరికాలో, అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్లో తెలిసింది (ఊరి పేరే అది). 2019 ఏప్రిల్ 19 సాయంత్రం అక్కడి 2 మెగావాట్ల కేంద్రంలో సెల్స్ వేడెక్కగానే ఆర్పే వాయువు దానంతటదే విడుదలైంది. అయినా లోపల వేడి ఆగలేదు. ఒక్కో సెల్ ఉడికిపోతూ మండే వాయువులు కక్కుతూనే ఉంది. అవి బయటికి పోయే దారి లేదు. దాదాపు మూడు గంటల తర్వాత ఫైర్ సిబ్బంది తలుపు తీశారు. బయటి గాలి లోపలికి చేరిన కొద్ది నిమిషాలకే పేలుడు. నలుగురికి తీవ్ర గాయాలు.

రెండో దారి ఆస్ట్రేలియాలో, జీలాంగ్ దగ్గరి మూరబూల్‌లో పట్టారు. 2021 జులై 30న టెస్టింగ్‌లో ఉన్న మెగాప్యాక్‌లో (టెస్లా తయారుచేసే కంటైనర్ బ్యాటరీ) కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం, లీకై మంటలు లేచాయి, పక్కదానికీ పాకాయి. సిబ్బంది ఆ రెంటినీ కాలనిచ్చి, చుట్టూ ఉన్నవాటిని చల్లబరిచారు. అదుపులోకి వచ్చిందని ప్రకటించడానికి మూడు రోజులకు పైగా పట్టింది. చుట్టుపక్కల జనానికి పొగ టెన్షన్, కిటికీలు మూసుకోమని హెచ్చరికలు. గాయాలు మాత్రం ఎవరికీ లేవు.

నా ఓటు రెండోదానికే. కాకపోతే యూనిట్లు ఆరుబయట, ఎడంగా ఉంటేనే. భవనం లోపల పెడితే గ్యాస్ కనిపెట్టే సెన్సర్లు, వాయువులు బయటికి పోయే ఏర్పాటు ముందే ఉండాలి.